ఓపెన్ సోర్స్‌ను అమ్మవచ్చు, దాని పేరును కాదు

వరంగల్, హనుమకొండ దుకాణదారుల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. దాని సారం ఇది: ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు (కోడ్ ఎవరైనా చూసి, మార్చి, పంచుకోవడానికి అనుమతి ఉన్నదానికి) డబ్బు అడిగేవాడు మోసగాడు, దాని పేరూ లోగో ఎవరైనా పెట్టుకోవచ్చు, ఒక్క వరుస మార్చినా కోడ్ మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టి తీరాలి, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ (కంపెనీలు డబ్బుకు అమ్మే రూపం) అంటే ఉచిత సరుకుకు తగిలించిన గొప్ప పేరు. ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణాలకు ఇలాంటి సాఫ్ట్‌వేరే పెట్టి, నడిపించి బతుకుతున్నాను కనుక ఇందులో నా స్వార్థం ఉంది. ఆ సంగతి తెలిసే చదవండి.

డబ్బు సంగతి. ఓపెన్ సోర్స్‌లో బాగా వాడే లైసెన్సు (వాడుక షరతుల పత్రం) జీపీఎల్. దాని మూడో వెర్షన్ నాలుగో సెక్షన్ చదివితే చాలు: ఇచ్చే ప్రతి కాపీకి ఎంత ధరైనా తీసుకోవచ్చు, తీసుకోకపోనూ వచ్చు. ఆ లైసెన్సుకు మూలపురుషుడు రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో ఈమాక్స్ అనే ఎడిటర్ ప్రోగ్రామ్ టేపును 150 డాలర్లకు అమ్మేవాడు. అయితే ఒక మెలిక ఉంది. నా దగ్గర కొన్న అడ్తిదారు దాన్ని పక్క దుకాణానికి ఉచితంగా ఇచ్చేస్తే నేను ఆపలేను. అందుకే ఈ వ్యాపారంలో ఆదాయం కాపీ మీద కన్నా సేవ మీదే ఎక్కువ. మిర్చి సీజన్‌లో కాంటాలు నడుస్తుండగా బిల్లు ప్రింటు ఆగిపోతే పరుగెత్తుకు వచ్చే మనిషికి ఇచ్చే డబ్బు అది. సందేశం చెప్పినదానికి కాస్త దగ్గరగా వచ్చేది ఫాంటుల లైసెన్సు ఒక్కటే. మన ఫ్లెక్సీల మీద కనిపించే మండలి, రామభద్ర, పొన్నాల వంటివి ఓఎఫ్‌ఎల్ అనే ఆ లైసెన్సు కింద వచ్చాయి. వాటిని విడిగా అమ్మకూడదు, ఏదైనా సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మవచ్చు. వాటితో వేసిన ఫ్లెక్సీకి ఎంత తీసుకుంటారో మీ ఇష్టం.

అసలు ప్రమాదం పేరూ లోగో ఎవరైనా పెట్టుకోవచ్చన్న రెండో మాటలో ఉంది. దాన్ని నమ్మి పేరు పెట్టుకున్నవాడికే నోటీసు వస్తుంది. కోడ్ మీద హక్కు 1957 నాటి కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది, పేరు మీద హక్కు 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కిందికి. మొదటిదాని కింద అనుమతి ఇచ్చినవారు రెండోదాని కింద కూడా ఇచ్చినట్టు కాదు. అపాచీ 2.0 అనే మరో ఓపెన్ సోర్స్ లైసెన్సు ఆరో సెక్షన్ ట్రేడ్‌మార్కులు వాడుకోవడానికి అనుమతి ఇవ్వడం లేదని నేరుగా చెబుతుంది. కొత్తవాడ జంపఖానా నేత ఎవరైనా నేర్చుకోవచ్చు. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చాక మరో ఊళ్లో నేసినదాన్ని వరంగల్ జంపఖానా అని అమ్మడం మాత్రం కుదరదు. ఇదీ అంతే.

పెద్దపెద్దవాళ్లే పేర్లు మార్చుకున్నారు. 2006లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా అభ్యంతరం చెబితే, డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు తాము ఇచ్చే ఫైర్‌ఫాక్స్ పేరును ఐస్‌వీజెల్ చేశారు, పదేళ్ల తర్వాత రాజీ కుదిరాకే పాత పేరు తెచ్చుకున్నారు. ఓపెన్ఆఫీస్ అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్ పేరు ఒరాకిల్ కంపెనీ చేతిలో ఉండిపోవడంతో 2010లో విడిపోయినవారు లిబ్రేఆఫీస్ అయ్యారు. రెడ్‌హ్యాట్ కంపెనీ కోడ్ నుంచే పుట్టిన సెంట్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఆ కంపెనీ పేరూ బొమ్మలూ ఏరి తీసేశాకే బయటికి వచ్చేది. 2019లో సెర్చ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఎలాస్టిక్ కంపెనీ తన పేరు వాడుకున్నందుకు అమెజాన్ మీదే కోర్టుకెక్కింది. 2021లో అమెజాన్ ఆ కోడ్ నుంచి విడదీసుకున్న తన వెర్షన్‌కు ఓపెన్‌సెర్చ్ అని పేరు పెట్టుకుంది. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు, హనుమకొండ చౌరస్తా దుకాణానికి మినహాయింపు ఎక్కడిది?

మరి పేరు ఎత్తనే కూడదా? ఎత్తవచ్చు. ముంబై ఫ్రాపే సంస్థ తయారుచేసే ఈఆర్‌పీనెక్స్ట్ అనే వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ జీపీఎల్ కింద ఉంది, పేరుకు, లోగోకు మాత్రం వేరే నియమాలు రాసుకున్నారు. మీ సరుకుకు "ఓరుగల్లు ఈఆర్‌పీనెక్స్ట్" అని పేరు పెడితే అది వాళ్లదే అనిపిస్తుంది. సొంత పేరు ముందు పెట్టి, కింద "ఈఆర్‌పీనెక్స్ట్ ఆధారంగా తయారైనది" అని రాస్తే ఉన్న నిజం చెప్పినట్టే. బోర్డు మీద వాళ్ల లోగో వేయడం మాత్రం అడిగి చేయాల్సిన పని.

ఒక్క వరుస మార్చినా కోడ్ మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టాలన్న మూడో మాట సగం విని రాసినది. జీపీఎల్ సాఫ్ట్‌వేర్‌ను మార్చి మీ దుకాణంలోనే వాడుకుంటే ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. మరొకరికి కాపీ ఇస్తే సోర్స్ కోడ్ కూడా అందుబాటులో ఉంచాలి, అది సీడీలో ఇచ్చినా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినా సరిపోతుంది. జీపీఎల్‌కే మరో రూపమైన ఏజీపీఎల్ అయితే మాత్రం మార్చినదాన్ని నెట్‌వర్క్ ద్వారా వాడేవారికీ కోడ్ దొరికేలా చూడాలి. ఎంఐటీ, బీఎస్‌డీ వంటి లైసెన్సులు కాపీరైట్ ప్రకటన, లైసెన్సు పాఠం తీసేయొద్దని కోరతాయి తప్ప కోడ్ అడగవు.

ఇక ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్. ఓడూ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్‌కు ఉచిత రూపమైన కమ్యూనిటీ ఎడిషన్, జీపీఎల్‌కు సడలించిన రూపమైన ఎల్‌జీపీఎల్ కింద వస్తుంది. ఎంటర్‌ప్రైజ్‌లో అదనపు మాడ్యూళ్లు ఉంటాయి, లైసెన్సు కంపెనీ సొంతం, మరొకరికి పంచడానికి వీల్లేదు. కనుక రెండూ ఒకటే అన్నది తప్పు. కమ్యూనిటీ ఎడిషన్‌ను ఎంటర్‌ప్రైజ్ అని చెప్పి అంటగడితే మాత్రం అది మోసమే. బిల్లులో ఎడిషన్ పేరు, లైసెన్సు పేరు రాసివ్వమంటే నసిగేవాడి మీద ఫిర్యాదు చేయండి, నేనూ సంతకం పెడతాను.