సినిమా చివరి గ్రూపు ఫొటో గారికి

మహారాజశ్రీ గ్రూపు ఫొటో గారి దివ్యసముఖానికి, చిత్తూరు నుంచి ఒక ఆడపడుచు నమస్కరించి రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగనక్కరలేదు. పొంగల్ నాడు మధ్యాహ్నం టీవీలో తమరి దర్శనం అయింది. ఎప్పటిలాగే అందరూ నవ్వుతున్నారు.

తమరు తమిళ పల్లెటూరి కుటుంబ సినిమాలో ఆఖరి అర నిమిషం వస్తారు. అంతకుముందు రెండున్నర గంటలపాటు కొడవళ్ళు లేస్తాయి, పెళ్ళిళ్ళు ఆగిపోతాయి, పెద్దాయనకు గుండెపోటు వస్తుంది, వర్షంలో ఒకరి కాళ్ళ మీద ఒకరు పడతారు. తరువాత ఎవరో అందరినీ అరుగు ముందు నిలబెడతారు. పెద్దాయన కుర్చీలో, ఆయన పక్కన పెద్దావిడ, వెనక మీసాలు, ముందు పిల్లలు. ఒక చమత్కారం, ఒక మెరుపు, శుభం. ఆస్తి గొడవ ఏమైందో మాత్రం ఎవరూ అడగరు. తమరు వచ్చారంటే తీరిపోయినట్టే లెక్క.

నేను పుట్టింది తమరి సొంత దేశంలోనే. అలాంటి సినిమాలు తీసే పొల్లాచ్చి దాటి, ఉడుమలైపేట్టై వెళ్ళే దారిలో ఒక పల్లె. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా పెద్దలు విజయనగర రాజుల కాలంలో అక్కడికి వెళ్ళారని తాత చెప్పేవాడు. కొబ్బరి తోట, అరుగు, ఇత్తడి గొలుసుల ఉయ్యాల బల్ల అన్నీ ఉండేవి. పండగకు యాభై ఆకులు లేచేవి. సినిమాలో ఆ ఆకుల వరసను పైనుంచి చూపిస్తారు, కన్నుల పండువుగా ఉంటుంది. కింద నుంచి చూసినవాళ్ళం మేము. ఆకులంటే ఎత్తి పారేయవచ్చు, గుండిగలు తోమాలి.

తమరి బంధువర్గంలో పెద్దవాడు 1994 నాటి 'నాట్టామై'. మరుసటి ఏడాదే తెలుగులోకి 'పెదరాయుడు'గా వచ్చి ఇక్కడా పీట వేసుకుని కూర్చున్నాడు. చెట్టు కింద తీర్పు చెప్పే అధికారం తండ్రి నుంచి పెద్ద కొడుక్కి, అతని నుంచి తమ్ముడికి దిగుతుంది. ఆ కథలో వారసత్వమంటే అదే. థియేటర్లో నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికి వచ్చాక కదా తట్టింది, అప్పటికే తమిళనాడులో కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇచ్చే చట్టం వచ్చి అయిదేళ్ళు గడిచిందని. ఆంధ్రలో అయితే అలాంటి చట్టం 1985 సెప్టెంబరు నుంచే అమల్లో ఉంది. పాపం, ఆ చెట్టు దాకా గెజిట్ చేరి ఉండదు. గెజిట్ ప్రతులు మోసుకొచ్చే బస్సు ఆ సినిమాల్లో ఎప్పుడూ వాగు అవతలే ఆగిపోతుంది.

ఆ చట్టంతో నాకు ఒక చిన్న పాత కక్ష ఉంది, చెప్పక తప్పదు. తై పుడితే దారి పుడుతుందని తమిళుల సామెత. 1989 తై మాసంలో నాకూ దారి పుట్టింది, పుట్టింటి నుంచి బయటికి. అంటే ఫిబ్రవరి మొదటి వారంలో నా పెళ్ళి. తమిళనాడు చట్టం అమల్లోకి వచ్చింది మార్చి 25న. ఆ రోజుకు పెళ్ళయిపోయిన కూతుళ్ళకు అది వర్తించదు. మా చెల్లెలికి మరుసటి ఏడాది పెళ్ళయింది, దానికి వాటా వచ్చింది. ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే దువ్వెనతో తల దువ్వుకున్నాం. నా పెళ్ళికీ ఆ చట్టానికీ మధ్య ఏడు వారాలు. ఆ ముహూర్తం పెట్టిన పురోహితుడు, ఇంతకన్నా మంచి లగ్నం మళ్ళీ ఆరు నెలల దాకా లేదన్నాడు. నిజమే, మా తమ్ముళ్ళకు ఇంతకన్నా మంచి లగ్నం దొరికేది కాదు.

తరువాతి సంగతి ఇంకా రసవత్తరం. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతా పెళ్ళయిన కూతుళ్ళకూ సమాన హక్కు వచ్చింది. పాయసం వండుకున్నాను. 2015లో సుప్రీంకోర్టు, ఆ తేదీకి తండ్రి బతికి ఉంటేనే ఆ హక్కు అన్నది. మా నాన్న 2003లోనే పోయాడు. పాయసం అరగకముందే హక్కు పోయింది. 2020 ఆగస్టు 11న అదే కోర్టు, ముగ్గురు న్యాయమూర్తులు కూర్చుని, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుంది, తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని తేల్చింది. అంటే నేను ఒకసారి పుట్టలేదు, ఒకసారి పుట్టాను, మళ్ళీ పుట్టలేదు, ఇప్పుడు పుట్టాను. తమరి పునర్జన్మ సినిమాల్లో కూడా ఇన్ని మలుపులు ఉండవు. నాన్న సొంత భాగంలో పిడికెడు వాటా 1956 నాటి చట్టం ప్రకారమే నాకు ఉందట. ఆ మాట కూడా వకీలు చెబితేనే తెలిసింది, ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

అదే తీర్పులో ఇంకో మాట ఉంది, తమరు దయచేసి కూర్చుని వినాలి. నోటిమాటతో ఎప్పుడో పంచేసుకున్నాం అంటే మామూలుగా ఒప్పుకోరట, గట్టి ప్రభుత్వ కాగితాల ఆధారం ఉండాలట. చెట్టు కింద కండువా విదిలించి చెప్పిన తీర్పులన్నీ ఇప్పుడు ఏ దస్త్రంలో వెతకాలి?

అయినా తమరి వాళ్ళు కూతుళ్ళకు ఏమీ ఇవ్వరని అంటే కళ్ళు పోతాయి. సీర్ ఇస్తారు కదా. మనం సారె అంటాం. మేనకోడలు పెద్దమనిషి అయితే మేనమామ ట్రాక్టర్ల మీద తాంబాళాలు పెట్టించి, డప్పులతో ఊరంతా తిప్పుతాడు. పట్టుచీర, పళ్ళు, గొలుసు, ఒక్కోసారి పొట్టేలు. పాట మొత్తం దానికే సరిపోతుంది. మా ఇంట్లోనూ లోటు చేయలేదు. నాకు వచ్చిన సారె మొత్తం ఒకసారి కాగితం మీద వేసి కూడితే, తోటలో నా వాటాకు వచ్చే కొబ్బరి చెట్లలో మూడో నాలుగో కొనవచ్చు. మట్టలతో సహా.

2018లో వచ్చిన 'కడైకుట్టి సింగం' తెలుగులో 'చినబాబు'గా ఆడింది. అయిదుగురు అక్కలకు ఒక్క తమ్ముడు. ఆ కొడుకు కోసం తండ్రి రెండో పెళ్ళి కూడా చేసుకుంటాడు. అక్కలు పోట్లాడుకునేది దేనికి? మా అమ్మాయిని చేసుకోవాలంటే మా అమ్మాయిని చేసుకోవాలని. అక్క కూతుళ్ళ మీద మేనమామకు హక్కు ఉన్నట్టే, తమ్ముడి మీద అక్కలకూ ఒక హక్కు. తమిళంలో దాన్ని ఉరిమై అంటారు, అచ్చంగా హక్కు అనే మాటే. ఆ మాట అంత గొంతు పెట్టి అరవడం అన్ని సినిమాల్లోనూ విన్నాను. పొలం గట్టు మీద నిలబడి ఎవరైనా అరవగా మాత్రం ఇంతవరకూ వినలేదు. నిజం చెప్పొద్దూ, ఆ సినిమా చూసి నేను ఏడ్చాను. వ్యవసాయం చేసే కుర్రాడు దర్జాగా కనిపించడం నాకు ఇష్టం. ఏడుస్తూనే లెక్క వేశాను, అయిదుగురు అక్కలు, ఒక తమ్ముడు, భాగాలు ఆరు.

తెలివైన మార్గం తమిళ 'ఆనందం' వాళ్ళది. దాన్నే మనవాళ్ళు 2005లో 'సంక్రాంతి'గా తీశారు. నలుగురూ అన్నదమ్ములే. ఎంత సుఖం!

ఇక పొంగల్ నాటి సంగతి. ఈసారి మేము పుట్టింటికి వెళ్ళాం. వాకిట్లో ఫొటో దిగే కార్యక్రమం. ఫొటోగ్రాఫర్ కుర్రాడు నన్ను రెండో వరసలో ఎడమ చివర నిలబెట్టి, "అమ్మా, కాస్త లోపలికి జరగండి, ఫ్రేములో పడటం లేదు" అన్నాడు. జరిగాను. నా పక్కన మరదలు, ఆమె పక్కన స్తంభం. స్తంభం పూర్తిగా పడింది, నాకు భుజం తెగింది.

భోజనాలయ్యాక లోపల టీవీలో తమరు నవ్వుతుండగా పెద్ద తమ్ముడు ఆకుపచ్చ అట్ట ఫైలుతో వచ్చి ఉయ్యాల బల్ల మీద నా పక్కనే కూర్చున్నాడు. "అక్కా, ఒక చిన్న సంతకం" అన్నాడు. పెద్ద సంతకం ఎలా ఉంటుందో నేను అడగలేదు. అది విడుదలై పత్తిరం. మన వైపు హక్కు విడుదల పత్రం. పత్రం రాసేవాడి చేతివాటం చూడాలి. నేను అన్నదమ్ముల మీది ప్రేమాభిమానాల చేత, మనఃపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇకమీదట నాకు గాని నా వారసులకు గాని ఏ సంబంధమూ లేకుండా వదులుకుంటున్నానట. ప్రేమ నాది, మాటలు అతనివి. చెల్లెలి పేరు మీద మరో కాగితం, అందులోనూ అక్షరం పొల్లుపోకుండా అదే ప్రేమ. మా ఇద్దరికీ చిన్నప్పటి నుంచి ఒక్క విషయంలో కూడా అంత ఏకాభిప్రాయం లేదు.

కళ్ళజోడు తెచ్చుకోలేదన్నాను. నిజానికి అది నా తల మీదే ఉంది. తమ్ముడు చూశాడు, చూసి ఊరుకున్నాడు. వాడు మంచివాడు. చిన్నప్పుడు జ్వరం వస్తే నా ఒడిలోనే పడుకునేవాడు. అందుకే కదా తోట కన్నా ఆ ఉయ్యాల బల్ల మీద నుంచి లేవడం కష్టమైంది.

తమరిని వేడుకునేది ఒక్కటే. వచ్చే సినిమాలో మెరుపు మెరిశాక వెంటనే చీకటి చేయకండి. కెమెరాను ఇంకో పది నిమిషాలు అక్కడే ఉంచండి. కుర్చీలు తీసేస్తారు, పిల్లలు లోపలికి పరిగెడతారు, ఎవరో చంకలో ఫైలు పెట్టుకుని వస్తారు. తీసినవాళ్ళకు ఖర్చు కూడా తక్కువే.

నిన్న సాయంత్రం తమ్ముడు ఫోను చేశాడు. పొంగల్ ఫొటో సరిగ్గా రాలేదట, భుజం తెగిందని వాడికీ బాధగా ఉందట. వచ్చే బుధవారం అందరం మళ్ళీ ఒకసారి దిగుదాం, తప్పకుండా రావాలి అక్కా అన్నాడు. వచ్చేటప్పుడు ఆధార్ కార్డు, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు తెచ్చుకోమన్నాడు.

ఇట్లు,
రెండో వరస, ఎడమ చివర