పాల్ క్రుట్జెన్ గారి విశాఖ శిష్యులు

శాస్త్రవేత్త గొప్పతనాన్ని కొలవడానికి లోకంలో ఒక పద్ధతి ఉంది. ఆయన పేపర్లను ఎంతమంది తమ పేపర్లలో ప్రస్తావించారో లెక్కపెడతారు, దానికి ఇంపాక్ట్ అని పేరు పెడతారు. వాతావరణ రసాయన శాస్త్రవేత్త పాల్ క్రుట్జెన్ విషయంలో ఈ లెక్క తప్పిందనీ, అందులో విశాఖపట్నానికి తీరని అన్యాయం జరిగిందనీ సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఆయన పుట్టింది 1933 డిసెంబరులో, ఆమ్‌స్టర్‌డామ్‌లో. మా పోర్టుకు మొదటి ఓడ వచ్చింది అదే ఏడాది అక్టోబరులో. ఈడూ జోడూ అంటే ఇదే. ఆయన చదివింది సివిల్ ఇంజనీరింగు. 1959లో స్టాక్‌హోమ్ యూనివర్సిటీలో ప్రోగ్రామర్ కావాలంటే, ప్రోగ్రామింగ్ అస్సలు రాకుండానే అప్లై చేసి చేరిపోయారు. (మధురవాడ ఐటీ కుర్రాళ్ళకు ఇందులో వింతేమీ కనబడదు.) నైట్రోజన్ ఆక్సైడ్లు ఓజోన్‌ను ఎలా కరిగిస్తాయో 1970లో చూపించారు. 1995లో మొలీనా, రోలండ్‌లతో కలిసి నోబెల్ అందుకున్నారు.

అసలు గొడవ 2000లో మొదలైంది. మెక్సికోలో జరిగిన సమావేశంలో వక్తలంతా హోలోసీన్, హోలోసీన్ అంటున్నారు. 11,700 ఏళ్ళుగా నడుస్తున్న యుగం అది. ఈయనకు ఒళ్ళు మండి, ఇంకెక్కడి హోలోసీన్, మనం ఆంత్రోపోసీన్‌లో ఉన్నాం అని అడ్డుపడ్డారు. భూమి తీరునే మనిషి మార్చేశాడు, కాబట్టి ఈ కాలం మనిషిదే అని ఆయన వాదన.

దాన్ని తేల్చడానికి భూగర్భ శాస్త్రవేత్తలు 2009లో ఓ బృందాన్ని వేశారు. కెనడాలో క్రాఫర్డ్ సరస్సు అడుగు బురద పైకి తీసి, పొరల్లో హైడ్రోజన్ బాంబుల ప్లుటోనియం చూపించి, ఇదిగో రుజువు అన్నారు. 2024 మార్చిలో ఓటింగు పెడితే యుగం 12-4 తేడాతో ఓడిపోయింది. ఆరో వంతు ఓట్లు దాటాయి కనుక మన లెక్కలో డిపాజిట్ మాత్రం దక్కింది.

పొరల కోసం కెనడా దాకా ఎందుకెళ్ళారన్నదే నా బాధ. పోర్టు పక్కనే ఉన్న మా వన్‌టౌన్‌లో ఏ బాల్కనీ ఎక్కినా సరిపోయేది. పొద్దున తడిగుడ్డ పెట్టిన పిట్టగోడ మీద సాయంత్రానికి కొత్త పొర తయారు. నల్లగా ఉంటే బొగ్గు, ఎర్రగా ఉంటే ఇనుప ఖనిజం. ఆరేసిన పంచె చూసి మా పక్కింటి పిన్నిగారు "ఏటి బాబూ, రాత్రి బొగ్గోడ దిగిందేటి?" అని అడుగుతారు. ఆవిడ ల్యాబ్ మొహం చూసి ఎరగరు.

ఆ బాంబుల కాలం నుంచి లెక్కేస్తే వచ్చే డెబ్బై ఏళ్ళ ముచ్చటను యుగమంటే ఎలా అని ఓటేసినవాళ్ళలో కొందరి అభ్యంతరం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు పేరుకోవడానికి వేల ఏళ్ళు పట్టింది. జాతీయ భూవారసత్వ స్థలమన్న గౌరవమూ దక్కింది. జేసీబీకి ఆ గౌరవం సంగతి తెలియదు, వేల ఏళ్ళూ అక్కర్లేదు.

1999లో ఆయనా, మన వాతావరణ శాస్త్రవేత్త వి. రామనాథనూ కలిసి హిందూ మహాసముద్రం మీద దాదాపు 3 కిలోమీటర్ల మందాన పరుచుకున్న గోధుమరంగు పొగమబ్బును పరిశోధించారు. ఆ పేపర్ల సహరచయితల్లో మా పొగగొట్టాల పేరు ఒక్కటీ లేదు. మేం ఏమీ అనుకోలేదు.

2006లో ఆయన మరో మాట అన్నారు. భూమిని వేడెక్కించే వాయువులను తగ్గించడానికి ఎవరూ ముందుకు రాకపోతే, గత్యంతరం లేక, మబ్బులకు పైనుండే గాలిపొర స్ట్రాటోస్ఫియర్‌లోకి గంధకం చల్లి ఎండను కొంత వెనక్కి పంపే ఉపాయాన్ని పరిశోధించాలని. శాస్త్రలోకం గగ్గోలు పెట్టింది. 1957 నుంచి రిఫైనరీ ఉన్న ఊరు మాది, గంధకం మాకు కొత్తా? ఎటొచ్చీ ఎత్తు దగ్గరే చిక్కు. ఆయనకు కావలసింది పదిహేను కిలోమీటర్లకు పైన. మాది యారాడ కొండ దాటదు. ఇటు యారాడ, అటు సింహాచలం, కైలాసగిరి. చలికాలం రాత్రి పైన వెచ్చగాలి, కింద చల్లగాలి చేరితే పొగకు పోయే దారి లేక మల్కాపురంలోనే పడుకుంటుంది.

గురువుగారు 2021లో పోయారు. చూడకుండానే విద్య నేర్చుకున్న ఏకలవ్య శిష్యులుగా మేం కోరేది ఒక్కటే: మళ్ళీ ఓటింగు పెట్టండి, ఈసారి విశాఖలో. సభ్యులందరూ తెల్లచొక్కాలు వేసుకుని రండి. ఏ రోజు వస్తారో మాత్రం ఎవరికీ చెప్పొద్దు. చెప్పారో, ముందు రోజు రాత్రే బొగ్గు గుట్టల మీద టార్పాలిన్లు కప్పేసి, ట్యాంకర్లు తెచ్చి రోడ్లన్నీ కడిగేసి, మీకు గులాబీ పూలు ఇచ్చి పంపిస్తారు.