రాయకుండానే రాశానన్న బఫర్ గారికి

మహారాజశ్రీ సీ భాష ఫైల్ బఫర్ గారి సముఖానికి,

ప్రోగ్రామ్ రాసేదాన్ని ఫైల్‌కి పంపేముందు మెమరీలో పోగుచేసే తమరి దయవల్ల ఈ మధ్యాహ్నం మొత్తం 417వ ఆర్డర్ కోడ్ మీద పోయింది. ప్రోగ్రామ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో (ముట్టుకోకూడని మెమరీని ముట్టుకుని) కూలింది. ఎప్పుడేం చేసిందో రాసుకునే లాగ్‌లో చివరి లైను "ఆర్డర్ 417 మొద". అంతే. ఫైల్ సైజు చూస్తే సరిగ్గా 8192 బైట్లు, అంటే తమరి 4096 బైట్ల కడుపు రెండుసార్లు నిండినంత! సెట్‌వీబఫ్‌తో లైన్ బఫరింగ్ (లైను పూర్తవగానే పంపే పద్ధతి) పెట్టి మళ్లీ నడిపితే తెలిసింది, అసలు కూలింది 431 దగ్గర. మధ్యలో లైన్లన్నీ తమరి కడుపులోనే ఉండి, ప్రాసెస్‌తో పాటే సహగమనం చేశాయి.

టెర్మినల్ ఎదురుగా ఉంటే లైను లైనుకీ వినయం. అదే అవుట్‌పుట్‌ని ఫైల్‌కి మళ్లిస్తే కడుపు నిండేదాకా కదలరు. లోపల సరుకుండగా ఫోర్క్ చేస్తే, అంటే ప్రాసెస్‌కి నకలు తీస్తే, ఒకే లైను రెండుసార్లు అచ్చేస్తారు. పోనీ, అవన్నీ సర్దుకుంటాం.

సర్దుకోలేనిది ఆ రసీదు. రాసే ఫంక్షన్ ఎఫ్‌రైట్‌కి 10 బైట్లిస్తే 10 అని తిరిగి చెప్తారు. ఎక్కడ రాసినట్టు? లినక్స్‌లో డెవ్ ఫుల్ అనే ఉత్తుత్తి ఫైలుంది, ఎప్పుడు రాసినా డిస్కు నిండిందనే అంటుంది. దాన్ని తెరిచి 10 బైట్లు రాయండి. ఎఫ్‌రైట్ నవ్వుతూ 10 అంటుంది. అసలు సంగతి ఫైల్ మూసే ఎఫ్‌క్లోజ్ దగ్గర బయటపడుతుంది: ఈఓఎఫ్ (ఇక్కడ పని కాలేదని అర్థం), డిస్కులో చోటు లేదు. ఎఫ్‌క్లోజ్ తిరిగిచ్చే విలువని ఎవడు చూస్తాడండీ? పెళ్లయ్యాక మండపం దొరకలేదని చెప్పినట్టుంది!

సరే, తమరి కడుపు ఖాళీ చేయించే ఎఫ్‌ఫ్లష్ పిలిచామనుకోండి. నేతి బీరకాయలో నెయ్యెంతో అందులో భద్రత అంతే. సరుకు తమరి జేబులోంచి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) జేబులోకి మారుతుంది, అదీ మెమరీయే. లినక్స్‌లో మామూలు సెట్టింగ్ ప్రకారం అది పాతబడింది, ఇక డిస్కుకి పంపాలి అనుకోవడానికే 30 సెకన్లు. ఈలోపు కరెంటు పోతే గోవిందా. అందుకని సెట్టింగుల ఫైలొకటి జాగ్రత్తగా మార్చాలంటే ఇంత తతంగం: అదే డైరెక్టరీలో తాత్కాలిక ఫైల్‌కి రాయి, ఎఫ్‌ఫ్లష్ చెయ్యి, ఎఫ్‌సింక్ (డిస్కు మీదికి చేర్చమనే ఆజ్ఞ) చెయ్యి, ఎఫ్‌క్లోజ్ చెయ్యి, ప్రతిదాని జవాబూ చూడు, అప్పుడు అసలు పేరుకి రీనేమ్, ఆపైన డైరెక్టరీకి ఇంకో ఎఫ్‌సింక్. ఇదంతా ఎందుకని నేరుగా "డబ్ల్యూ" మోడ్‌లో తెరిచావో, కొత్తది రాకముందే పాతది సున్నా.

ఒక్క మాట అడుగుతా, చెప్పు. రాయనిదానికి రాశానని ఎందుకంటావ్? "తీసుకున్నాను" అను. "తర్వాత చూస్తాను" అను. మా ఊరి మీసేవ కౌంటర్లో కూడా అప్లికేషన్ తీసుకుని సర్టిఫికెట్ ఇచ్చేశామని చెప్పరు.

నిన్ను తీసిపారేద్దామంటే అదీ కుదరదు. ఒక్కో అక్షరంగా 10 లక్షల బైట్లు రాస్తే 10 లక్షల సిస్టమ్ కాల్స్ (కెర్నల్‌కి పెట్టుకునే విన్నపాలు). నువ్వుంటే 245. ఆ లెక్క చూసే ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాం. ఉండు, డేటా ఫైళ్ల దగ్గర ఉండు. ఎర్రర్ లాగ్ మాత్రం ఇవాళ్టి నుంచి బఫర్ లేని ఎర్రర్ల దారి ఎస్‌టీడీఎర్ర్‌కి పోతుంది. అక్కడ నీకు కుర్చీ లేదు.

ఇట్లు,
431వ ఆర్డర్ తరఫున