మారిషస్ ఒక్కరోజు టూర్ ప్యాకేజీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ దక్షిణ మారిషస్ ఒక్కరోజు టూర్ ప్యాకేజీ గారికి,

ఉభయకుశలోపరి. పొద్దున హోటల్ గుమ్మంలో ఎక్కించుకుని పొద్దుగూకేలోగా ఒక దేశపు నేలను, చరిత్రను, పురాణాన్ని మా చేత చూడడం అయిందనిపించగల తమ సామర్థ్యానికి ముందుగా జోహార్లు.

శివుడు గంగను మోసుకుపోతుంటే కొన్ని చుక్కలు రాలి గంగాతలావ్ అనే సరస్సు ఏర్పడిందని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ కథ సగంలో ఉండగానే తమ గైడు మమ్మల్ని బస్సెక్కించాడు గనుక, గంగ మా వరకు ఇంకా నేలకు దిగలేదు. షమరెల్‌లో మాత్రం తమరు ఉదారులు. అగ్నిపర్వత శిల శిథిలమై రంగురంగులుగా విడిపోయిన ఆ మట్టిదిబ్బలను కంచె ఇవతల నుంచి చూపించి, అదే మట్టిని చిన్న గాజు గొట్టాల్లో నింపి అమ్మే చోట మాకు కావలసినంత తీరిక ప్రసాదించారు.

ల మోర్న్ కొండ విషయంలో తమ పొదుపు ఇంకా మెచ్చదగినది. యజమానుల నుంచి పారిపోయి ఆ కొండపై తలదాచుకున్న బానిసలు, 1835లో విముక్తి కబురు చెప్పడానికి వస్తున్న పోలీసులను చూసి, పట్టుకోవడానికే వస్తున్నారని భయపడి కిందికి దూకేశారని ఐతిహ్యం. తమరి కరపత్రంలో ఆ కొండకు దక్కిన వివరణ అంతా "ఫొటోలకు చక్కని స్థలం" అన్న మూడు మాటలే.

ఇక నా అసలు విన్నపం. దారి పొడవునా చెరకు తోటల నడుమ నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. లావా రాళ్లతో నిండిన నేలను సాగులోకి తేవడానికి కూలీలు ఒక్కొక్క రాయినీ చేత్తో ఏరి పేర్చినవి అవి. నాచు పట్టి, చుట్టూ చెరకు ఏపుగా పెరిగి, దూరానికి సమాధుల్లా ఉంటాయి. 1834 నుంచి భారతదేశం నుంచి అక్కడికి చేరిన లక్షలాది ఒప్పంద కూలీల్లో, కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కిన మనవాళ్లూ ఉన్నారు. వారికి "కోరంగీలు" అనే పేరు ఆ రేవు వల్లే వచ్చింది. ఉగాదికి ఆ దేశంలో సెలవు ఉండడం వారి సంతతి వల్లే. టిక్కెట్టు పెట్టే వీలులేని ఆ గుట్టల దగ్గర బస్సు ఆగదని గైడు మర్యాదగానే చెప్పాడు.

ఓడ బొమ్మల దుకాణం దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. ఐరోపా నౌకలు తెరచాపలతో సహా బారులు తీరి ఉన్నాయి. కోరంగి నుంచి కూలీలను మోసుకొచ్చిన ఓడ నమూనా ఉందా అని అడిగితే, అమ్మే అబ్బాయి నవ్వి, టైటానిక్ చూపించాడు. దాని మీద రాయితీ కూడా ఉందట.

ఇట్లు,
తమ బస్సులో కిటికీ సీటు ప్రయాణికుడు