మూడంగుళాల కుండీలోని దొరవారికి

హైదరాబాదు,
నాలుగో అంతస్తు, తూర్పు బాల్కనీ.

గౌరవనీయులైన రెబూటియా గారికి,

తమరు మా బాల్కనీలో అడుగుపెట్టి మూడేళ్ళు నిండిన సందర్భంగా, ఇంతకాలం మనసులో దాచుకున్న కొన్ని సంగతులు తమరి దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను. తమరు ఒక చిన్న కాక్టస్ మొక్క అనీ, తమరికి చెవులు లేవనీ నాకు తెలుసు. అయినా మా అపార్టుమెంటు సంఘానికి అర్జీలు రాసేటప్పుడు కూడా మేము ఇటువంటి చిన్న విషయాలను లెక్కచేయం.

ముందుగా తమరి వంశగౌరవాన్ని ఒప్పుకుంటున్నాను. బొలీవియాలోనూ, వాయవ్య అర్జెంటీనాలోనూ, ఆండీస్ పర్వతాల మీద రెండు మూడు వేల మీటర్ల ఎత్తున, రాతి పగుళ్ళలో, గడ్డి దుబ్బుల చాటున, పగలు ఎండనూ రాత్రి గడ్డకట్టే చలినీ సమానంగా భరించిన కుటుంబం తమరిది. 1895లో కార్ల్ షూమన్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు తమరి ప్రజాతికి పియెర్ రెబూ అనే ఫ్రెంచి కాక్టస్ వ్యాపారి పేరు పెట్టాడు. కొండ మీద పుట్టినవారికి వ్యాపారి పేరేమిటని కొందరు అనుకోవచ్చు గాని, రాళ్ళగుట్టను చదును చేసి, ఆ వెంచరుకు రియల్టరు గారి తల్లిగారి పేరు పెట్టే ఊళ్ళో ఉంటున్న నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు.

అంతటి ఎత్తు నుంచి తమరు దిగివచ్చిన మా ఊరు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడా కొండలున్నాయి. బంజారా వారి పేరున ఒకటి, జూబ్లీ పేరున ఒకటి ఉన్నాయి. వాటి మీద గజం స్థలం ధర వింటే తమరికి ఆండీస్ అంత ఎత్తు నుంచి కింద పడినట్టు ఉంటుంది.

తమరిని కొన్న రోజు తమరి నడినెత్తిన ఒక గులాబీరంగు పువ్వు ఉంది. నెల దాటినా అది వాడలేదు. మా ఇంట్లో అందరూ ఆ పువ్వును చూసి ముచ్చటపడ్డారు, నేను ఫోటో తీసి బంధువులందరికీ పంపాను. తమరి జాతికి పూలు నెత్తిన రావనీ, మొదలు దగ్గర నడుము చుట్టూ మొలనూలులా పూస్తాయనీ అప్పటికి తెలిసి ఉంటే, ఆ ఎండుపువ్వును జిగురుతో అతికించారన్న అనుమానం మొదటి రోజే వచ్చేది. పట్టుకారుతో పీకినప్పుడు జిగురుతో పాటు కొన్ని ముళ్ళు కూడా ఊడివచ్చాయి. ఆ బోడిమచ్చ ఇప్పటికీ ఉంది. క్షమించగలరు.

ఇక అసలు విషయానికి వస్తాను. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఎండిన మట్టి కనబడితే అది శాఖాపరమైన వైఫల్యమని నమ్మే తరం వారిది. తమరికి ముందు ఇదే కుండీలో తమరి దాయాది ఒకరు ఉండేవారు. ఆయనకు నాన్నగారు రోజూ ఉదయం ఆరింటికి, తులసికోటకు పోసిన చెంబులోనే మిగిల్చి, ఒక గుక్కెడు పోసేవారు. జులై ముసురులో ఒకనాడు కుండీ జరుపుదామని నేను ఆయనను రెండు వేళ్ళతో పట్టుకోగానే పై సగం చేతికి వచ్చింది, కింది సగం మట్టిలోనే ఉండిపోయింది. పైన ముళ్ళు ఒక్కటీ చెదరలేదు. లోపల మాత్రం ముగ్గిన అరటిపండు గుజ్జు, పులిసిన వాసన. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని చూసి, "నిన్న కూడా పోశానే!" అన్నారు.

అప్పటి నుంచి తమరి సేవ నా చేతిలోకి వచ్చింది. సేవ అంటే ఏమీ చేయకపోవడమేనని అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఇంటికి వచ్చినవారికి వద్దన్నా రెండోసారి వడ్డించడం మర్యాదగా పెరిగినవాళ్ళం మేము. ఆకలిగా ఉంచితేనే బతుకుతానన్న అతిథిని ఏం చేసుకోవాలి? తమరి కుండీలో మట్టి అనదగినది పావు వంతు మాత్రమే. మిగిలినదంతా పెర్లైటు అనే తేలికపాటి తెల్లని గుల్లరాయి పలుకులు, జల్లెడ పట్టిన ఇటుక ముక్కలు, ఎదుటి సైటులో పునాది కోసం పేల్చిన బండల నుంచి ఏరుకొచ్చిన రాతి పలుకులు. ఆ గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్ళు, అంటే తమరి పర్వతాల కంటే ఎంతో పెద్దది. కాబట్టి వసతి విషయంలో మర్యాద తక్కువైందని తమరు అనలేరు. కుండీ అంచున కొబ్బరి చీపురు పుల్లను అడుగుదాకా గుచ్చి, తీసి, పెదవికి ఆనించి చూస్తాను. చల్లగా తగిలితే ఇంకో నాలుగు రోజులు నీళ్ళు లేవు.

ఆ నీళ్ళయినా ఏవి? బోరు నీళ్ళు పోస్తే కుండీ అంచున సున్నపు తెట్టు కట్టింది కాబట్టి, ఆర్వో నీళ్ళు తమరికి ప్రత్యేకంగా పడుతున్నాను. పనిమనిషి ఈ దృశ్యాన్ని రెండుసార్లు చూసింది. ఏమీ అనలేదు గాని, ఆ చూపును మాత్రం నేను మరచిపోలేను.

వేసవి మాట ఎత్తితే నాకే సిగ్గుగా ఉంటుంది. తమరి కులమంతా పగలు ఒంటిమీది సూక్ష్మరంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. మే నెలలో మా ఊరి రాత్రి అంటే, పన్నెండింటికి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేని రాత్రి. తమరు ముడుచుకుని, మట్టిలోకి కుంగి, తోలు ముడతలతో మొండిగా నిద్రపోయారు. సరిగ్గా ఆ నిద్రలోనే నీళ్ళు పోస్తే వేడికీ తడికీ వేళ్ళు కుళ్ళుతాయని నాకు తెలుసు. "పాపం, నోరు లేనిది" అంటూ చెంబుతో వచ్చిన నాన్నగారిని బాల్కనీ తలుపు దగ్గర ఆపినప్పుడు నేనెంత క్రూరుడిగా కనిపించానో తమరు ఊహించలేరు. పిండినల్లి పట్టిన రోజుల్లో ముల్లు ముల్లుకూ మధ్య స్పిరిటు దూది అద్దిన శ్రమను ఇక్కడ ఏకరువు పెట్టను. ముళ్ళ మొక్క ఇంట్లో ఉంటే కలహాలు వస్తాయన్న పక్కింటివారి వాస్తు హెచ్చరిక మాత్రం చెంబు విషయంలో అక్షరాలా నిజమైంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తమరికి చుక్క నీరు పోయలేదు. ఆ చలిలో ఆ ఎండు విశ్రాంతి లేకపోతే తమరు మొగ్గ వేయరు. మా ఊరి చలి బీరువాలోంచి స్వెటరు బయటికి తీయడానికి మాత్రమే సరిపోయే చలి, అయినా తమరు దయతో దానినే చలిగా లెక్కించారు. ఫిబ్రవరి ఆఖరున మొదలు దగ్గర కందిగింజంత ఎర్రని బొడిపెలు తొమ్మిది కనిపించాయి. మార్చి రెండో వారంలో అవి ఒక్కొక్కటే విచ్చుకుని, తమరికంటే వెడల్పుగా, నారింజ రంగులో చుట్టూ నిలిచాయి. సాయంత్రం ముడుచుకున్నాయి, మర్నాడు పొద్దెక్కాక మళ్ళీ తెరుచుకున్నాయి.

నాన్నగారు కుర్చీ వేసుకుని పావుగంట చూశారు. తరువాత లోపలికి వెళ్ళి పాత డైరీ తెచ్చి, తులసికీ మల్లెకూ కరివేపాకుకూ వారబందీ, అంటే నీళ్ళ వంతుల పట్టిక, రాసి, అట్టడుగున తమరి పేరు చేర్చి, ఎదురుగా సున్నా వేశారు. "నా సర్వీసు మొత్తంలో చివరి ఆయకట్టు నుంచి నీళ్ళు వద్దని వచ్చిన అర్జీ ఇదొక్కటే" అన్నారు.

చెంబు మాత్రం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

ఇట్లు,
తమరి విధేయుడు