‘రంగులెప్పుడు వేస్తారు?’ గారికి

మహారాజశ్రీ ‘రంగులెప్పుడు వేస్తారు?’ గారికి, చెన్నై పెరంబూరు నుంచి ఒక పెన్సిల్ మనిషి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

తమరి దర్శనం కాని రోజు లేదు. ఎగ్మోర్‌లో సెయింట్ ఆండ్రూస్ కర్క్ అనే చర్చి లోపల బెంచీ మీద కూర్చుని మూడు శనివారాలు ఒకే బొమ్మ గీశాను. వాచ్‌మన్ నోట తమరే: “కలర్ ఎప్పో సార్?” ఇంటికొస్తే మా పిన్ని నోటా తమరే. ఫ్రేములు కట్టే షాపాయన అయితే అడగను కూడా లేదు, “పూర్తయ్యాక తీసుకురండి” అని తిప్పి పంపాడు.

అయ్యా, అది పూర్తయింది.

1821 నాటి ఆ గుండ్రటి చర్చిలో తలల మీద ఆకుల చెక్కడం ఉన్న 16 కొరింథియన్ స్తంభాలు గుమ్మటాన్ని మోస్తుంటాయి. గుమ్మటం లోపల నీలం, మీద బంగారు చుక్కలు. “అదిగో నీలం!” అని తమరు గంతేస్తారు, తెలుసు. నేను కూర్చున్నది నీలం కోసం కాదు. పొద్దున పదింటికి కిటికీ వెలుగు ఒక స్తంభం మీద నిండుగా పడి, రెండోదాని మీద సగమై, మూడోదాని దగ్గరికొచ్చేసరికి చల్లారిపోతుంది. ఆ ఒక్క ముక్కకే హెచ్‌బీ, టూబీ, సిక్స్‌బీ అని ఒకదాన్ని మించి ఒకటి నల్లగా గీసే పెన్సిళ్ళు మార్చుకుంటూ పోయాను. మొదటి స్తంభం మీద వెలుగున్న చోట పెన్సిలే ఆనించలేదు. అక్కడున్నది వట్టి కాగితం. దానికి చెమట మరక అంటకుండా చెయ్యి కింద రుమాలు వేసుకున్నాను. అక్కడ తమరు పసుపు పులిమితే వెలుగు పోయి సున్నం కొట్టిన గోడ మిగులుతుంది.

హాలండ్‌లో పీటర్ సాన్రెడామ్ అని ఒకాయన ఉండేవాడు. 1636లో ఉట్రెక్ట్ అనే ఊరి చర్చిల్లో కూర్చుని, కొలతలు తీసుకుని మరీ గీశాడు. (ఆయనది పెన్సిల్ కాదు లెండి, కలమూ సుద్దా.) ఆయన్నీ తమరు వదల్లేదు. అక్కడి మేరీ చర్చి లోపలి బొమ్మకి 1641లో నూనెరంగులు వేయించారు. ఐదేళ్ళు ఆగారు! మా పిన్ని ఐదు నిమిషాలు ఆగదు. 19వ శతాబ్దంలో ఆ చర్చినే కూలగొట్టేశారు. అప్పుడు గీసిన కాగితాలను మాత్రం మ్యూజియంలు పదిలంగా దాచుకున్నాయి, రంగుల ఊసెత్తకుండా.

మొన్న పెళ్ళిరోజుకి మా ఆవిడ 24 రంగుల పెన్సిళ్ళ డబ్బా ఇచ్చింది. తమరి సిఫార్సే అయ్యుంటుంది. అందులో నలుపు సగానికి అరిగింది. తక్కిన 23 ములుకు చెదరకుండా ఉన్నాయి, ఎప్పుడైనా వచ్చి పట్టుకెళ్ళండి.

ఇట్లు,
తమరి బాధితుడు