వెయిటేజీ షీటు గారూ, బండలు దిగాయి

మహారాజశ్రీ వెయిటేజీ షీటు గారికి, కడప ఆఫీసు పర్చేజు గుమాస్తా నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు కొటేషన్లకు మార్కులేసి ఎంపిక చేసిన హైదరాబాద్ కంపెనీ బండలు ఈ మధ్యాహ్నం దిగాయి. పదకొండుకల్లా అన్నారు, మూడయింది. మే నెల ఎండలో గేటు దగ్గర నేనున్నాను, ఏసీ గది కంప్యూటర్లో తమరున్నారు. లారీ ఆగింది. దిగినవాడు మనం వద్దన్న ఎర్రగుంట్ల బండల పెద్దాయన డ్రైవరు!

"హైదరాబాద్ నుంచా?" అన్నాను.

"యాడ హైదరాబాదన్నా! ఎర్రగుంట్ల నుంచే. బిల్లే హైదరాబాద్‌ది. అడ్వాన్సు పడేదాకా లోడు ఎత్తొద్దన్నాడు పెద్దాయన, అందుకే లేటు."

నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న రాయి, అడుగుకు 12 రూపాయలు ఎక్కువ పెట్టి కొన్నాం. పెద్దాయన కొటేషన్ 48, వాళ్ళది 60.

తమరి లెక్క నాకు తెలియనిది కాదు. అందరిలోకీ తక్కువ రేటును ఒక్కొక్కరి రేటుతో భాగించి, వెయిటేజీతో, అంటే ధరకు పెట్టుకున్న మొత్తం మార్కులతో గుణించాలి. ధరకు 50 పెట్టుకున్నాం కాబట్టి పెద్దాయనకు 50, వాళ్ళకు 40. నాణ్యత, డెలివరీ, టర్నోవరు కలిపితే పెద్దాయన 88, వాళ్ళు 80. టర్నోవరులో ఆయనకు పదికి రెండే వచ్చాయి, చేతిరాత బిల్లులకు అంతకంటే ఎవరిస్తారు! అయినా గెలిచాడు.

గెలిచాడని కవర్లు తెరిచాక కదా తెలిసింది. ఆ తర్వాత కదా కమిటీకి "ప్రెజెంటేషన్" గుర్తొచ్చింది! ధర 50 నుంచి 30కి దిగింది, మిగిలిన 20 ప్రెజెంటేషన్‌కు పోయింది. బండకు ప్రెజెంటేషన్ ఏందయ్యా? కోట్ల ఏళ్ళుగా భూమిలో పడుకున్న రాయి స్లైడులు వేసి చూపించాలా? హైదరాబాద్ కుర్రాడు టై కట్టుకుని 18 కొట్టేశాడు. పెద్దాయన చేతిరుమాల్లో చుట్టిన రాతిముక్కను టేబుల్ మీద పెట్టి, "ఇదే బండ, చూసుకోండి" అన్నాడు. మూడు మార్కులు. 82, 71. అయిపోయింది.

వెయిటేజీలు కొటేషన్లు రాకముందే రాసి, అందరికీ చెప్పి, ఆపైన ముట్టుకోకూడదు. ఉన్నది ఆ ఒక్క నియమం. అదే పోతే నువ్వెందుకు? ఎవరు గెలవాలో వాళ్ళే అనుకుని, నీతో అంకెలు చెప్పించారు. నువ్వు చెప్పావు. సిగ్గు లేదా?

ఇంకొకటి. నాణ్యతలో పెద్దాయనకు 22, వాళ్ళకు 20 వేశాం. రెండు శాంపిళ్ళూ ఒకే గనివని ఇవాళ తెలిసింది. ఆ రెండు మార్కులు ఎక్కడి నుంచి వచ్చాయో నన్ను అడగొద్దు, వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

పెద్దాయనకు ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "సంతకం పెట్టి పంపు నాయనా, కూలోళ్ళు ఎండలో ఉండారు." అంతే.

నిజానికి నీమీద నాకు పాత అభిమానం ఉంది. ఒకప్పుడు పెద్దసారు బావమరిది ఫ్యాన్ల కొటేషన్‌ను నువ్వే ఆపావు. ఆ రోజు నీ ప్రింటు తీసి బీరువాలో దాచుకున్నాను కూడా.

ఇప్పుడు సప్లయర్ రేటింగ్ నింపమన్నారు. నాణ్యతకు 25కు 25 వేశాను. పేరు దగ్గర పెద్దాయన పేరు టైపు కొట్టబోతే గడి లాక్ అయి ఉంది. వెయిటేజీలకు లేని తాళం దీనికెందుకో గానీ, పాస్‌వర్డ్ ఏందో చెప్పు.

ఇట్లు,
గేటు దగ్గర నుంచి
మీ గుమాస్తా